పెద్దమ్మ వంతు

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. పెదనాన్న కూనిరాగం తీస్తూ మధ్యలో ఆగితే ఎవరూ నోరు మెదపకూడదు. అది పెద్దమ్మ వంతు.

బయటివాళ్లకి చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. గడ్డం గీసుకుంటూ, చొక్కాకి గుండీ కుట్టుకుంటూ, వంకాయలు తరుగుతూ పెదనాన్న తన పాత జంటపాటల్ని పాడుకునేవాడు. పాడేది తన వంతు మాత్రమే. ఒక వరస పాడి ఆగేవాడు. చేతిలో కత్తి చేతిలోనే ఉండేది. తల మాత్రం కాస్త ఎడమవైపుకి వంగేది, పక్కన ఎవరో నిలబడి జవాబు చెబుతున్నట్టు. ఆ జవాబుకి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపూ ఆగి, మళ్లీ తన వరస అందుకునేవాడు. ఎప్పుడూ ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు.

పెదనాన్న తమ్ముడి కూతురు నాలుగైదేళ్లప్పుడు, అలాంటి ఖాళీలో ఒకసారి "అమ్మా, ఆకలి" అనబోయింది. తల్లి గబుక్కున అరచేత్తో నోరు మూసి, చెవిలో చెప్పింది: "ష్... పెద్దమ్మ పాడుతోంది." పెద్దమ్మ చనిపోయింది ఈ పిల్ల పుట్టకముందు. ఆ రోజు నుంచీ పిల్ల ముందుగదిలోకి ఒంటరిగా వెళ్లాలంటే జడుసుకునేది. మాట వినబడితే భయపడని పిల్ల, మాట వినబడని చోట భయపడింది. తిండీ బట్టా ఎంత నిజమో, ఆ ఇంట్లో ఆ నిశ్శబ్దం కూడా అంత నిజంగా తిరిగేది.

ఆ పిల్లకి ఇప్పుడు నలభై దాటాయి. పాత రికార్డులకి మళ్లీ ప్రాణం పోయడం ఆమె ఉద్యోగం. గ్రామఫోను ప్లేట్లని కడిగి, సరైన ముల్లు పెట్టి మోగించి, ఆ ధ్వనిని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరలూ చిటపటలూ ఒక్కొక్కటే ఏరి పారేస్తుంది. దాన్ని రీమాస్టరింగ్ అంటారు. ఆఫీసులో అందరూ ఆమెని చెవులమ్మ అంటారు. అది మెచ్చుకోలో వెటకారమో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇన్ని పనులుండగా ఈ పనే ఎందుకు పట్టుకున్నావంటే మాత్రం మాట మార్చేసేది.

ఆ ఏడు కంపెనీ వాళ్లు డిక్సీల్యాండ్ అనే పాతకాలపు జాజ్ బాణీ జంటపాటలన్నీ ఒక కట్టగా తేవాలనుకున్నారు. ఆ పాటల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈ కథలో ఎవరు దేనికి బెంగపడుతున్నారో అర్థం కాదు. కార్నెట్టు అనే పొట్టి బాకా పాటని నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. క్లారినెట్టు దాని చుట్టూ పిచ్చుకలా తిరుగుతుంది. ట్రాంబోను అనే పొడుగు బాకా కిందనుంచి జారుతూ, మూలుగుతూ, మధ్యమధ్యలో వెక్కిరిస్తూ వస్తుంది. తీగల బ్యాంజో ఆగకుండా దడదడలాడిస్తుంది. ఎవరి గోల వాళ్లదే, అయినా అందరూ ఒక్క గుమ్మంలోంచే బయటికొస్తారు. వీటన్నిటి మధ్యా ఒక మగగొంతూ ఒక ఆడగొంతూ దెబ్బలాడుకుంటాయి. ఆయనొకటంటే ఆవిడ రెండంటుంది. చివరి చరణంలో ఇద్దరూ కలిసిపోతారు. అది వింటూ ముఖం ముడుచుకుని కూర్చోగలిగిన మనిషి ఉంటే, వాడికి డాక్టరు అవసరం.

పెదనాన్నా పెద్దమ్మా అలాంటి జంట. ఒక్క మైకు ముందు చెంపా చెంపా ఆనించి పాడేవాళ్లట. పెదనాన్న గొంతు పాడవుతుందని ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుని తిరిగేవాడట. అందుకని పెద్దమ్మ ఆయన్ని ఏమని పిలిచేదో ఇంట్లో ఒకరిద్దరికి తెలుసు గానీ, ఆమె పోయాక ఆ పేరు పలికే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వాళ్ల మిగతా పాటలు అక్కడా ఇక్కడా దొరికాయి. ఇంట్లో అందరూ వానపాట అనే ఒక్కటి మాత్రం దొరకలేదు. దాని ప్లేటు లోకం మొత్తానికి పెదనాన్న పెట్టెలోనే ఉంది. ఆయన దాన్ని రోజూ వేసుకుని వినేవాడు. కంపెనీ మేనేజరు వచ్చి అడిగితే ఒంటికాలి మీద లేచాడు. చెవులమ్మ అడిగితే కోప్పడలేదు, వినబడనట్టు ఊరుకున్నాడు.

ఆ వినబడకపోవడమే నిజమై కూర్చుంది. ఎనభై దాటిన మనిషికి కుడిచెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమదీ పోతోంది. డాక్టరు మొహమాటపడకుండా చెప్పేశాడు: "మాటలు ఎలాగో తంటాలుపడి వింటారు గానీ, పాటల మీద ఇంక ఆశ పెట్టుకోకండి. ఏం వినాలనుకున్నా త్వరగా వినేయండి."

ఆ వారంలోనే పెదనాన్న చెప్పాపెట్టకుండా చెవులమ్మ పనిగదికి వచ్చాడు. ఒక పాత ఉన్ని మఫ్లరు విప్పి, అందులోంచి ప్లేటు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదుగో అమ్మలూ. మీ పెద్దమ్మ మాట ఈ మధ్య సరిగ్గా వినబడటం లేదు. లోపం చెవిదో ప్లేటుదో తెలీటం లేదు."

"రెండిట్లో ఏదైనా నేను చూసుకుంటాను పెదనాన్నా."

"చెవి సంగతి వదిలెయ్. ఇది బాగుచెయ్యి. ఈ ఎడమచెవి ఉండగానే ఆవిడని ఒక్కసారి సరిగ్గా వినాలి. ముందు నేను వినాలి. ఆ తర్వాతే ఎవరికైనా." మఫ్లరు మెడకి చుట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మెల్లిగా పట్టుకో," అన్నాడు.

చెవులమ్మ ప్లేటుని దీపం కింద పెట్టి భూతద్దంలోంచి చూసింది. అంచు నుంచి చాలాదూరం గాడి మొత్తం బూడిదరంగుకి తిరిగిపోయింది, ముల్లు తిరిగి తిరిగి. లోపలికి వెళ్తే, ఒకచోట బూడిదరంగు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అక్కణ్ణించి చివరిదాకా ప్లేటు నల్లగా, నున్నగా, నిన్న కొన్నట్టు మెరుస్తోంది. చివరి చరణం మీద ముల్లు పడ్డ జాడే లేదు. గ్రామఫోనులో ఏదో మర ఇరుక్కుని ఉంటుందిలే అనుకుని ఊరుకుంది.

ముల్లు దించి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ముందు హోరు. ఆ హోరు వెనకాల, ఎక్కడో వీధి చివర ఊరేగింపు వెళ్తున్నట్టు బ్యాండు. ఆ పైన పెదనాన్న పడుచుగొంతు:

"నేనేనే, తలుపు తియ్యవే, నేనేనే..."

వేళ దాటి ఇంటికొచ్చిన మగడు వానలో నిలబడి తలుపు కొడుతుంటాడు. లోపల్నుంచి ఆవిడ తియ్యదు. తెలియనట్టు అడుగుతుంది: "ఎవరోయ్ అక్కడ, వానలో ఎవరోయ్?" పాటంతా ఇదే తగువు. కానీ ఆవిడ ప్రశ్న వచ్చే చోట చెవులమ్మకి వినబడింది హోరొక్కటే. సన్నగొంతులు ముందు అరుగుతాయి, ఎప్పుడూ అంతే. పెదనాన్న గొంతు తట్టుకుని నిలబడింది. పెద్దమ్మది ముల్లుకింద రోజుకింత చొప్పున పొడైపోయింది. చెవులు రిక్కిస్తే ఆ హోరులో ఒక ఊపిరి ఉన్నట్టుంది, ఒక నోరు కదిలినట్టుంది, అంతే. ఇన్నేళ్లుగా ఆయన కూనిరాగాల్లో విన్న ఖాళీయే ఇక్కడా ఉంది.

పాట సాగింది. ట్రాంబోను తన జారుడు వరస ముగించింది. అక్కడ బ్యాండు మొత్తం ఒక్క క్షణం ఆగుతుంది. చెవులమ్మ ఒళ్లు దానంతటదే బిగుసుకుంది. చిన్నప్పటి నుంచీ పక్కగదిలోంచి ఆ పాట వినీ వినీ ఆమెకి తెలుసు, ట్రాంబోను ఆగగానే టక్‌మని ముల్లు లేచే చప్పుడు వస్తుంది. పాట అంతటితో అయిపోతుంది. అంతే ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ.

టక్ రాలేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు.

పొడిగా, పొట్టిగా, ఒక్క దగ్గు. హోరు లేదు, తెర లేదు. చెవి పక్కనే, భుజం మీదికి వంగి దగ్గినట్టు. చెవులమ్మ వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఇంతలో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఏ గరగరా అడ్డం లేకుండా ఆమె పెద్దమ్మ గొంతు విన్నది.

"ఎవరోయ్ అక్కడ, వానలో ఎవరోయ్?"

నిండుగా, కొంటెగా, నవ్వు ఆపుకుంటూ. ఆ వెంటనే బ్యాండంతా విరుచుకుపడింది, తలుపు తెరుచుకుంది, ఇద్దరూ కలిసి పాడారు. మధ్యలో ఆమె పాటలో లేని మాటేదో గబుక్కున విసిరింది. చెవులమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, కళ్లు తుడుచుకుంది. భయంతోనో సంతోషంతోనో ఆమెకే తెలియలేదు.

తర్వాత పనిలో పడింది. పనిలో పడితే ఆమె మనిషి కాదు. అరిగిపోయిన చోట గొంతుని పుట్టించడం ఎవరి తరమూ కాదు గానీ, ఒక ఉపాయం ఉంది. ఆ ప్రశ్న పాటలో పదేపదే వస్తుంది, అవే మాటలు, అదే వరస. మెరిసే చివరి చరణంలోంచి ఆ గొంతుని తీసి, బూడిదైన మొదటి చరణాల్లో అతికించవచ్చు. చొక్కా అంచు కత్తిరించి మోచేతి చిరుగుకి మాసిక వేసినట్టు. శ్రుతి సరిపోయింది, నడక సరిపోయింది. అతుకు ఎక్కడుందో తనకే కనబడనంత బాగా కుదిరింది.

దగ్గు మాత్రం తీసేసింది. మేనేజరు ఎలాగూ దగ్గులూ తుమ్ములూ ఉండటానికి వీల్లేదంటాడు, ఆయన కోసం కాదు. పెద్దమ్మ పరువు కోసం తీసింది. గాయని అన్నాక పాట మధ్యలో దగ్గితే ఎంత నామోషీ! ఇన్నేళ్ల తర్వాత జనం ముందుకొస్తున్న మనిషి, చక్కగా రావాలి కదా.

పెదనాన్న ఆదివారం పొద్దున వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ఎవరినో చూడబోతున్నట్టుంది వాలకం. చెవులమ్మ ఆయన్ని స్పీకరుకి ఎడమచెవి దగ్గరయ్యేలా కూర్చోబెట్టి, పాట పెట్టింది.

కార్నెట్టు గదిలోకి దూకింది. "అబ్బో!" అన్నాడు పెదనాన్న. బ్యాంజో మొదలవగానే మోకాలి మీద వేళ్లు ఆడాయి. "వీడు తాగొచ్చి వాయించాడు ఆ రోజు. ఎవరికీ తెలీలేదు, చూశావా!" తన గొంతు తానే విని, "వెధవకి ఎంత పొగరో," అని మురిసిపోయాడు. తర్వాత తల ఎడమవైపుకి వంచి ఆగాడు. పెద్దమ్మ వంతు వచ్చింది.

"ఎవరోయ్ అక్కడ, వానలో ఎవరోయ్?"

పెదనాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపు. ఆపమ్మా, ఆపెయ్."

ఆపేసింది. "ఏమైంది పెదనాన్నా? పెద్దమ్మ కాదా?"

"పెద్దమ్మే." స్పీకరు వైపే చూస్తూ అన్నాడు. "మీ పెద్దమ్మే. కానీ ఇక్కడ ఇలా పాడలేదు. ఇక్కడ కోపంగా అడగాలి. అన్నం చల్లారిపోయింది, ఈయనగారు ఇప్పుడొచ్చాడు, ఆ కోపం. ఇదేంటి, నవ్వుతోంది? రోజూ వింటాను కదమ్మా, ఈ నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఎక్కణ్ణించి తెచ్చావు దీన్ని?"

చెవులమ్మకి తన తప్పు తెలిసింది. శ్రుతి చూసింది, నడక చూసింది, ఆ మనిషి ఏ మనసుతో పాడుతోందో చూడలేదు. "చివర్లోంచి తెచ్చాను. ఆఖరి చరణంలో ఇలాగే పాడింది. మొదట్లో అంతా అరిగిపోతేనూ..."

"ఆఖరి చరణం." ఆ మాట ఏదో ఊరి పేరైనట్టు పలికాడు. "అంటే దగ్గిన తర్వాత."

"అవును. దగ్గు తీసేశాను పెదనాన్నా, బాగుండదని."

ఆయన ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

"నేను విన్న మొదటి దగ్గు అదేనమ్మలూ. అంతకుముందు ఎప్పుడూ దగ్గి ఎరగదు. ఆ తర్వాత ఆగిందీ లేదు. ఆ రోజు దగ్గగానే బ్యాండు ఎత్తుకుంది. నా నోరు పాడింది. నేను మాత్రం ఆ దగ్గు దగ్గరే ఉండిపోయాను, ఆమె ఏం పాడిందో నా చెవికెక్కలేదు. ప్లేటు అచ్చయి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉంది. వినకుండానే పోయింది. ఇంటికొచ్చి ఒక్కణ్ణే వేసుకున్నాను. దగ్గు వినబడింది, ముల్లు ఎత్తేశాను. ఆ మర్నాటి నుంచి దగ్గుకి ముందే ఎత్తేయడం అలవాటు చేసుకున్నాను."

"రోజూనా?"

"రోజూ. అక్కడ ఎత్తేస్తే, ఆ పూటకి ఆమెకి జబ్బు మొదలవలేదన్నట్టే కదా."

కత్తితో కోసినట్టు ఆగిపోయిన బూడిదరంగు చెవులమ్మ కళ్లముందు కదిలింది. మర ఇరుక్కోలేదు. ఒక మనిషి చెయ్యి, రోజూ అదే చోట, ఒక ఆడమనిషిని జబ్బుపడనీయకుండా ఆపుతూ వచ్చింది. అలా ఆపీ ఆపీ ఆమె గొంతునే తినేసింది. పాటలోని తలుపు చివరి చరణంలో తెరుచుకుంటుంది. పెదనాన్న ఆ తలుపు ముందు వానలోనే నిలబడిపోయాడు. చెవులమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు.

"దగ్గిన తర్వాత నవ్విందా?" అడిగాడు పెదనాన్న. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"నవ్వింది. నవ్వు ఆపుకోలేక పాడింది. ఇంకో మాట కూడా అంది. వినిపిస్తాను ఉండండి."

"వద్దు. ఇందులో వద్దు. ఇది నువ్వు అతికించింది." లేచి నిలబడ్డాడు. "ప్లేటు తీసుకో. ఇంటికెళ్దాం పద."

దారిపొడుగునా ప్లేటుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది చెవులమ్మ. మాసికలన్నీ విప్పేయాలనీ, మేనేజరు తలకిందులుగా తపస్సు చేసినా సరే ఆ దగ్గుని ఎక్కడిదక్కడ పెట్టేయాలనీ ఆ బండిలోనే నిశ్చయించుకుంది.

ముందుగదిలో గ్రామఫోను కిటికీ పక్కన ఎప్పటి చోటే ఉంది. చిన్నప్పుడు ఒంటరిగా రావడానికి జడుసుకున్న గది. పెదనాన్న ముల్లు సరిగ్గా దించాడు. ఎడమచెవి దగ్గరగా పెట్టి కూర్చున్నాడు. హోరు మొదలైంది. ఆ పాత యంత్రంలో అది అచ్చం వానలాగే ఉంది. పడుచుగొంతు తలుపు కొట్టింది. జవాబు చోట హోరు తప్ప ఏమీ లేదు. ఆయన తల వంచి ఆగాడు, చెవులమ్మా ఊపిరి బిగబట్టి ఆగింది. మళ్లీ కొట్టింది గొంతు, మళ్లీ ఖాళీ. బూడిదరంగు మీద ముల్లు గుండ్రంగా తిరుగుతూ లోపలికి పోతోంది.

ట్రాంబోను జారుడు మొదలైంది. పెదనాన్న కుడిచెయ్యి లేచింది. ఆయన లేపలేదు, అలవాటు లేపింది. వేళ్లు ముల్లు దాకా వెళ్లాయి. చెవులమ్మ ఆ చెయ్యి పట్టుకుందామనుకుంది, పట్టుకోలేదు. అది తను చేయాల్సిన పని కాదు. చెయ్యి అక్కడే గాల్లో ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కొచ్చి మెడ దగ్గర మఫ్లరుని గట్టిగా పట్టుకుంది.

ట్రాంబోను ఆగింది. హోరు తెగిపోయింది. ఆ గదిలో, వాళ్లిద్దరి మధ్య, పెద్దమ్మ దగ్గింది.

"కాసిని మంచినీళ్లు తాగవే," అన్నాడు పెదనాన్న.

ఎన్నో ఏళ్లుగా నోట్లో ఉన్న మాట అది. అంత మామూలుగా అన్నాడు, పక్క కుర్చీలో ఉన్న మనిషితో అన్నట్టు. పెద్దమ్మ నీళ్లు తాగలేదు. తెర లేని గొంతుతో, పోతున్న చెవికి కూడా అందేంత దగ్గరగా, నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఎవరోయ్ అక్కడ, వానలో ఎవరోయ్?"

బ్యాండు విరుచుకుపడింది. గది కిటికీ అద్దాలు అదిరాయి. ఆ గోల మధ్యలోంచి, పాటలో ఎక్కడా లేని మాట: "రావయ్యా మఫ్లరూ, లోపలికి రా!"

పెదనాన్న పకపకా నవ్వాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తల నిటారుగా ఎత్తి, బొంగురుపోయిన గొంతుతో తన వరస అందుకున్నాడు. చెవులమ్మ పాత భయం కొద్దీ నోరు మూసుకుని, ఆయన ఆగే చోటు కోసం ఎదురుచూసింది. ఆయన ఎక్కడా ఆగలేదు. ఆ చరణంలో ఎవరి వంతూ లేదు, ఇద్దరూ కలిసే పాడాలి.